వదినకు నేను చెప్పని మాట

మా అన్న నెత్తురు కక్కుకున్న రోజు ఇంట్లో అందరమూ ఉన్నాం. పావగడ తాలూకాలో మా ఊళ్ళో శనక్కాయ పెరికే పని ఉంటే బెంగళూరు నుంచి సెలవు పెట్టి పోయినాం. నాకూ అన్నకూ ఒకే నూలు మిల్లులో పని. నేను రింగ్ ఫ్రేములో, అన్న కార్డింగులో. ఆ రాత్రి సంగటి తిని లేచినాడు. "కడుపులో తిప్పుతాంది" అన్నాడు. గడప దాటకముందే భళుక్కున వాంతి. ఎర్రటి నెత్తురు, గడ్డలు గడ్డలుగా.

తర్వాత అడిగితే తెలిసింది, అంతకు నాలుగు రోజుల ముందు నుంచే దొడ్డికి పోతే తారులాగా నల్లగా, జిగటగా వస్తాండిందంట. "వేడి చేసిందేమోలే" అనుకుని ఎవురికీ చెప్పలేదు. అది కూడా నెత్తురే. కడుపులోకి కారిన నెత్తురు అరిగి అట్లా నల్లగా బయటికొస్తుంది. ఇది మన ఇళ్ళల్లో ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి మాట.

రెండో మాట. అన్న నెత్తురు కక్కినాడని తెలియగానే ఊళ్ళో సగం మంది అన్నమాట ఒకటే: "తాగి తాగి లివరు పోగొట్టుకున్నాడు." మా అన్న జన్మలో సారాయి ముట్టలేదు. బెంగళూరులో నెత్తురు పరీక్ష చేస్తే హెపటైటిస్ బి అని తేలింది. ఆ వైరసు ఏండ్ల తరబడి చప్పుడు చేయకుండా లివరులో కూర్చుంటుంది. తాగుడు, హెపటైటిస్ బి, సి, షుగరు, ఊబకాయం వల్ల లివరులో చేరే కొవ్వు, ఇవన్నీ చివరికి తెచ్చిపెట్టే జబ్బు ఒకటే: లివరు గట్టిపడి, ముడతలు పడి పోవడం. దాన్నే సిర్రోసిస్ అంటారు. కాబట్టి ఆస్పత్రిలో పడుకున్న మనిషిని చూసి తాగుబోతు అనే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ మాట మా వదినను నెత్తురు కంటే ఎక్కువ ఏడిపించింది.

ఆ రాత్రి తాలూకా ఆస్పత్రిలో సెలైను పెట్టి, ఆంబులెన్సులో పంపించినారు. మధుగిరి, కొరటగెరె మీదుగా బెంగళూరుకు 150 కిలోమీటర్ల పైనే. దారి పొడుగునా వదిన అన్న తల పట్టుకుని కూర్చుంది. బెంగళూరులో ఒక పెద్ద సర్కారు ఆస్పత్రిలో చేర్చుకున్నారు. నెత్తురు ఎక్కించినారు, నెత్తురు ఆగడానికీ, ఇన్ఫెక్షన్ రాకుండానూ ఇంజెక్షన్లు ఇచ్చినారు, గొంతులోంచి కెమెరా గొట్టం వేసి, ఉబ్బిన నరాలకు చిన్న చిన్న రబ్బరు రింగులు బిగించినారు. దీన్ని బ్యాండింగ్ అంటారు. నెత్తురు ఆగింది. హమ్మయ్య అనుకున్నాం. నాలుగో రోజు మళ్ళీ కక్కినాడు.

అప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాటే షంటు.

అసలు ఏమి జరుగుతాందో మొదట చెప్తా. మనం తిన్నది పేగుల్లో అరిగినాక ఆ సారమంతా నెత్తుట్లో కలిసి, ఒక పెద్ద నరం గుండా లివరుకు పోతుంది. ఆ నరం పేరు పోర్టల్ వెయిన్. లివరుకు నిమిషానికి సుమారు లీటరున్నర నెత్తురు వస్తే, అందులో నాలుగింట మూడు వంతులు దీని గుండానే వస్తుంది. లివరు దాన్ని వడగట్టి, విషాలను విరిచి, శుభ్రమైన నెత్తురును గుండె వైపు పంపుతుంది.

మన చెరువును తలుచుకోండి. తూము పూడిపోయింది. వానలు మాత్రం ఆగలేదు. నీళ్ళు పెరుగుతాయి, కట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది, కట్ట ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ ఊట మొదలవుతుంది, చివరికి తెగుతుంది. లివరు గట్టిపడితే ఇదే కథ. పోర్టల్ వెయిన్‌లో నెత్తురు ముందుకు పోలేక ఒత్తిడి పెరుగుతుంది. దీన్నే పోర్టల్ హైపర్‌టెన్షన్ అంటారు. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ వేరు, ఇది వేరు. మామూలుగా పోర్టల్ వెయిన్‌కూ, లివరు దాటినాక ఉండే నరానికీ ఒత్తిడిలో తేడా 5 మిల్లీమీటర్లకు మించదు. అది 10 దాటితే ప్రమాదం మొదలు. 12 దాటితే అన్నగొట్టం కింది భాగంలో ఉబ్బిన నరాలు పగలవచ్చు. కట్ట తెగడం అంటే అదే. కడుపులో నీరు చేరడం, ప్లీహం, అదే పెద్దోళ్ళు కడుపులో బల్ల అంటారే, అది పెరగడం, ఇవన్నీ కూడా ఆ ఒత్తిడి చేసే పనులే.

మరి షంటు అంటే? రైల్వే స్టేషన్లో షంటింగ్ చూసినారు కదా, బోగీలను ఒక లైను మీది నుంచి ఇంకో లైనుకు మళ్ళించడం. ఇదీ అంతే. లివరులో ఇరుక్కుపోయిన నెత్తురుకు పక్కదారి చేయడం. కట్ట తెగకముందే చెరువుకు పక్క కాలువ తవ్వినట్టు.

ఇప్పుడు ఎక్కువగా చేసేదాన్ని టిప్స్ అంటారు. కడుపు కోయరు. మెడ దగ్గర నరంలో సూది పెట్టి, సన్నని గొట్టాన్ని గుండె గుండా లివరు నరంలోకి దించుతారు. ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ లివరు కండ గుండా పోర్టల్ వెయిన్‌లోకి దారి పొడుస్తారు. ఆ దారి మూసుకోకుండా 8 నుంచి 10 మిల్లీమీటర్ల వెడల్పున్న లోహపు జాలి గొట్టాన్ని, అంటే స్టెంటును, అందులో నిలబెడతారు. ఒత్తిడి తేడా 12 కంటే కిందికి దిగితే పని అయినట్టు.

ఆ డాక్టరు నాతో కన్నడంలో మాట్లాడినాడు. మా వదినకు కన్నడం అంతంత మాత్రం. మా తాలూకా ఉండేది కర్ణాటకలో, చుట్టూ ఆంధ్రా. మా ఇండ్లల్లో తెలుగే. ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో మా ఆడవాళ్ళ మాట మేము చెప్పాల్సిందే. డాక్టరు మూడు మాటలు చెప్పినాడు. ఒకటి, దీంతో నెత్తురు ఆగుతుంది. రెండు, దీంతో లివరు బాగుపడదు, లివరు జబ్బు ఉన్నట్టే ఉంటుంది. మూడోది ఆయన కన్నడంలోనే నాకు ఇప్పటికీ వినపడతాంది: "మూరు జనరల్లి ఒబ్బరిగె గొందల ఆగబహుదు." ముగ్గురిలో ఒకరికి మతి తికమక పడవచ్చు అని.

వదిన నా మొహం చూస్తాంది. "ఏమంటాడబ్బా? ఇది చేస్తే లివరు బాగైతుందా?"

"అయితాది వదినా. నెత్తురు నిలిచిపోతుంది" అన్నా.

మూడు మాటల్లో ఒకటే చెప్పినా. రెండోది తిరగేసి చెప్పినా. మూడోది మింగేసినా. ఆయమ్మ అప్పటికే మూడు రాత్రులు నిద్రలేకుండా ఉంది, ఇంకా భయపెట్టేదెందుకు అనుకున్నా. వదిన వేలిముద్ర వేసింది.

టిప్స్ బాగా జరిగింది. నెత్తురు నిలిచింది. పదో రోజుకు అన్నను ఇంటికి పంపించినారు. ఒక తియ్యటి సిరప్పు ఇచ్చి, రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం అయ్యేట్టు తాగమన్నారు. దాని పేరు లాక్టులోజ్. నేను మిల్లుకు పోయినా. వదిన అన్నను తీసుకుని ఊరికి పోయింది.

మూడు వారాలకు ఫోను. "మీ అన్న రాత్రంతా మేలుకుంటాండాడు, పగలంతా నిద్ర. చొక్కా తిరగేసి వేసుకుంటాండాడు. చేతులు చాపమంటే గువ్వ రెక్కలు కొట్టుకున్నట్టు కొట్టుకుంటాండాయి. ఏదో గాలి సోకినట్టుంది." నేను నైట్ షిఫ్టులో ఉన్నా. "ఆదివారం వస్తా" అన్నా. ఆ రెండు రోజులూ వదిన తాయెత్తు కట్టించింది, నిమ్మకాయలు దిగదుడిచింది. ఆయమ్మది ఏం తప్పు? ఎవురైనా చెప్పినారా?

ఆదివారం నేను పోయేసరికి అన్న అరుగు మీద కూర్చోనుండాడు. నన్ను చూసి, "ఎవురు నాయనా నువ్వు?" అన్నాడు. నలభై ఏండ్ల తోడబుట్టినవాడు.

సిరప్పు గురించి అడిగినా. "విరేచనాలు అవుతాయని, మనిషి నీరసపడిపోతాడని నేనే ఆపేసినా. నాలుగు రోజులాయె దొడ్డికి పోయి" అనింది వదిన. విరేచనం కావడానికే ఆ మందు అని ఆయమ్మకు చెప్పినోళ్ళు లేరు. చెప్పాల్సినోడిని నేనే.

జరిగింది ఇది. లివరును దాటించి నెత్తురును పక్కదారి పట్టించినామంటే, పేగుల్లో పుట్టే అమోనియా వంటి విషాలు వడకట్టకుండానే నెత్తుట్లో కలిసి మెదడుకు పోతాయి. లివరు ముందే బలహీనం. మలబద్ధకం అయితే ఆ విషాలు ఇంకా పెరుగుతాయి. అందుకే లాక్టులోజ్. దాంతో బాటు రిఫాక్సిమిన్ అనే బిళ్ళ కూడా చాలా మందికి ఇస్తారు. ఈ మతి తికమకను హెపాటిక్ ఎన్‌సెఫలోపతి అంటారు. గాలి కాదు, చేతబడి కాదు, పిచ్చి కూడా కాదు. సమయానికి చూస్తే ఎక్కువ మందికి తగ్గిపోతుంది. మా అన్నకు ఆస్పత్రిలో ఎనిమా ఇచ్చి, లాక్టులోజ్ పట్టించినాక రెండో రోజు పొద్దున నన్ను పేరు పెట్టి పిలిచినాడు. నేను వార్డు బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడినా, కాళ్ళు ఆడలేదు.

డాక్టరు నన్ను చూసి, "ఇది వస్తుందని ముందే చెప్పినాను కదా, ఇంట్లో చెప్పలేదా?" అన్నాడు. తల వంచుకున్నా. ఆ సాయంత్రం ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని వదినకు మూడు మాటలూ చెప్పినా. ఆయమ్మ చానాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అనింది: "నన్ను భయపెట్టకూడదని నువ్వు చెప్పలేదు. చెప్పుంటే ఆ సిరప్పు నేను ఆపేదాన్నా?"

ఆ మాట తర్వాత నేను ఈ జబ్బు గురించి దొరికినదంతా చదివినా, డాక్టర్లను అడిగినా. తెలిసి ఆశ్చర్యపోయింది ఏమంటే, మా ఇంట్లో జరిగినది వైద్యులకు నూరేండ్ల కంటే ముందే తెలుసు. 1877లో రష్యాలో నికొలాయ్ ఎక్ అనే సర్జను కుక్కలకు పోర్టల్ వెయిన్‌ను పక్కనున్న పెద్ద నరానికి కలిపి కుట్టినాడు. ఎనిమిదింటిలో ఏడు వారం లోపలే చచ్చిపోయినాయి. మిగిలిన ఒక్కటి రెండున్నర నెలలు బతికి, ప్రయోగశాల నుంచి పారిపోయింది. 1893లో పావ్‌లోవ్ అనే శాస్త్రవేత్త బృందం ఆ ఆపరేషనే మళ్ళీ చేసి, కుక్కలను జాగ్రత్తగా సాకింది. అవి బతికినాయి కానీ మాంసం పెడితే మతి చెడి, తూలుతూ, వింతగా ప్రవర్తించినాయి. పక్కదారి ఖరీదు మెదడు కడుతుందని అప్పుడే తెలిసింది.

మనుషులకు ఈ ఆపరేషన్ ఊపందుకున్నది 1945లో, న్యూయార్కులో విపుల్ అనే సర్జను బృందంతో. కడుపు కోసి నరాలు కలిపి కుట్టే పద్ధతి అది. నెత్తురు ఆగింది. అయితే తర్వాత లెక్కలు చూస్తే, నెత్తురు కక్కి చచ్చేవాళ్ళు తగ్గినా, లివరు పాడై, మతి తప్పి పోయేవాళ్ళు పెరిగినారు. మొత్తం మీద ఆయుష్షు పెద్దగా పెరగలేదు. అందుకే 1967లో అమెరికాలో వారెన్ అనే సర్జను, లివరుకు పోయే నెత్తురును అట్లాగే ఉంచి, ప్లీహం నరాన్ని మాత్రం కిడ్నీ నరానికి కలిపే పద్ధతి తెచ్చినాడు. కడుపు కోయకుండా స్టెంటుతో చేసే టిప్స్ మనిషికి మొట్టమొదట జరిగింది 1988 జనవరిలో, జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో. ఇప్పటి స్టెంట్లకు లోపల పూత గుడ్డ ఉంటుంది, అందువల్ల అవి తొందరగా మూసుకుపోవు. పనిముట్లు మారినాయి, నైపుణ్యం పెరిగింది. కానీ లెక్క మాత్రం అదే: నెత్తురుకు పక్కదారి ఇస్తే, వడపోత తగ్గుతుంది.

అంటే షంటు చెడ్డదా? కాదు. మా అన్న ఈ రోజు బతికి ఉన్నాడంటే దానివల్లే. మా కాలనీలోనే ఇంకో ఇల్లు ఉంది. వాళ్ళ పిల్లోడికి ఏడేండ్ల వయసులో నెత్తురు వాంతి. లివరు బాగానే ఉంది, పోర్టల్ వెయినే లివరులోకి పోకముందే గడ్డకట్టి మూసుకుపోయింది. మన దేశంలో పిల్లలకు నెత్తురు వాంతులయ్యే పెద్ద కారణాల్లో ఇది ఒకటి. ఆ పిల్లోడికి కడుపు కోసి, ప్లీహం నరాన్ని కిడ్నీ నరానికి కలిపే ఆపరేషన్ చేసినారు. లివరు గట్టిగా ఉంది కాబట్టి మతి తికమక ప్రమాదం చాలా తక్కువ. ఇప్పుడు ఆ పిల్లోడు సైకిలు మీద స్కూలుకు పోతాండాడు. చెప్పొచ్చేదేమంటే, షంటు ఒకటే అయినా మనిషికీ మనిషికీ దాని ఫలం వేరు. లివరు ఎంత మిగిలింది అనేదాన్ని బట్టి ఉంటుంది.

అందుకే షంటు మొట్టమొదటి మందు కాదు. మొదట ప్రొప్రనొలాల్, కార్వెడిలాల్ వంటి బిళ్ళలు, బ్యాండింగ్. వాటికి నెత్తురు లొంగకపోతేనో, మళ్ళీ మళ్ళీ వస్తేనో, కడుపులో నీరు ఎన్నిసార్లు తీసినా నిండుతుంటేనో షంటు. గుండె బాగా బలహీనంగా ఉన్నవాళ్ళకూ, లివరు పూర్తిగా చేతులెత్తేసినవాళ్ళకూ టిప్స్ పనికిరాదు. అట్లాంటివాళ్ళకు లివరు మార్పిడి గురించి ఆలోచిస్తారు.

మీ ఇంట్లో ఎవురికైనా ఈ మాట వస్తే, సంతకం పెట్టే ముందు డాక్టరును ఈ ప్రశ్నలు అడగండి. లివరు ఎంత బాగుంది? ఈ షంటు ఎందుకు, నెత్తురుకా, నీటికా? మతి తికమక వచ్చే అవకాశం మా మనిషికి ఎంత? వస్తే మొదటి గుర్తు ఏది? స్టెంటు తెరుచుకునే ఉందా అని ఎన్ని నెలలకొకసారి స్కానింగు చేయించాలి? మార్పిడి అవసరం పడుతుందా? జవాబులను ఇంట్లో చూసుకునే మనిషికి, ఆ మనిషి మాట్లాడే భాషలో, ఒక్క మాట కూడా తగ్గించకుండా చెప్పండి.

ఇంటికొచ్చినాక లాక్టులోజ్ మీరుగా ఆపొద్దు. నిద్ర బిళ్ళలు డాక్టరును అడగకుండా ఇవ్వొద్దు. నొప్పులకు మందుల షాపులో దొరికే డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వద్దు. కామెర్లకని ఎవురో ఇచ్చే పసర్లు వద్దు. పప్పు, గుడ్డు పూర్తిగా మానిపించొద్దు, కండ కరిగిపోతే ఇంకా చెడు. జ్వరం, నల్లటి విరేచనం, పగటి నిద్ర, చేతుల వణుకు, మాట తడబాటు, వీటిలో ఏది కనపడినా ఆదివారం దాకా ఆగొద్దు. హెపటైటిస్ బి అయితే ఇంట్లో అందరికీ పరీక్ష చేయించండి. లేనివాళ్ళకు టీకా ఉంది. మా అన్న పిల్లలిద్దరికీ వేయించినాం.

డబ్బు సంగతి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే ఈఎస్ఐ ఉంటుంది. జబ్బు సెలవుకు ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. కడుపులో నీరు చేరిన సిర్రోసిస్, ఈఎస్ఐ వాళ్ళ దీర్ఘ రోగాల జాబితాలో ఉంది. రెండేండ్లు వరుసగా ఉద్యోగంలో ఉండి, చందా సరిగ్గా కట్టి ఉంటే 80 శాతం చొప్పున రెండేండ్ల వరకు పొందే వీలుంది. ఈ సంగతి మాకు ఎవురూ చెప్పలేదు. ఒక పాత కార్మికుడు చెప్తే తెలిసింది. ఈఎస్ఐ లేని ఇండ్లకు కర్ణాటకలో ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక ఉంది, బీపీఎల్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు. సర్కారు ఆస్పత్రి రెఫరల్ చీటి, రేషన్ కార్డు దగ్గర పెట్టుకోండి. ఏ చికిత్స దాని కిందికి వస్తుందో ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి.

అన్న ఇప్పుడు మిల్లుకు రాడు. ఊళ్ళోనే శనక్కాయలు ఒలుస్తాడు, పిల్లలకు లెక్కలు చెప్తాడు. హెపటైటిస్ బిళ్ళ రోజూ వేసుకుంటాడు. వదిన ఒక నోటుబుక్కు పెట్టింది. రోజూ పొద్దున అన్న అందులో తేదీ వేసి తన పేరు రాయాల. అక్షరాలు వంకర పోయినా, తేదీ తప్పినా ఆ రోజే నాకు ఫోను వస్తుంది. మొన్న చూస్తే మూడో పుస్తకం నడుస్తాంది. ఏడాదిన్నరలో రెండేసార్లు ఫోను వచ్చింది, రెండుసార్లూ సమయానికి పట్టుకున్నాం.

ఆ ఉపాయం నేను చెప్పింది కాదు. మూడు మాటలూ విన్నాక వదినే కనిపెట్టింది.